చెరువుగట్ల మీద తిరిగే బండికి సొరుగులు: ఆటోనగర్‌లో చేయించుకున్న పని ఎలా ఉంది?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు చేసి, రైతులకు సలహాలు చెప్పడం నా వృత్తి. రోజుకు ఏడెనిమిది చెరువులు తిరిగే నా ఇసుజు వీ-క్రాస్ పికప్ బండి వెనుక తొట్టిలో ఆక్సిజన్ మీటరు, అమ్మోనియా, క్షారత పరీక్షల కిట్లు, నమూనా సీసాలు, విసురువల, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రేలు, మినరల్ డబ్బాలు, ఏరేటరుకు అవసరమయ్యే చిల్లర సామాను ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. కావలసిన సీసా ప్రతిసారీ అన్నిటికంటే అడుగునే దొరికేది. తొట్టిపై ఫైబర్ కప్పు ముందే ఉన్నందున, దాని కింద తొట్టి పొడవునా రెండు పెద్ద సొరుగులు చేయించాలని నిర్ణయించుకుని, విజయవాడ ఆటోనగర్‌లోని ఒక వర్క్‌షాపుకు పని అప్పగించాను. సొరుగులు వాడుకలోకి వచ్చి ఎనిమిది నెలలు దాటింది కనుక, మంచి చెడులు రెండూ ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. లోపాలను కూడా రాస్తున్నందున ఆ షాపు పేరు ఇక్కడ ఇవ్వడం లేదు.

ఇటువంటి సొరుగులకు ఆస్ట్రేలియా పుట్టిల్లు వంటిది. అక్కడ 1975లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఏఆర్‌బీ వంటి సంస్థలు ఒక్కొక్క బండి కొలతకు తగినట్లు సిద్ధంగా అమ్ముతాయి. మన దగ్గరకు తెప్పించుకుంటే ధర నా స్తోమతకు మించిపోయింది. వీ-క్రాస్ మన తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో, 2016లో ప్రారంభమైన కర్మాగారంలోనే తయారవుతున్నా, దాని తొట్టికి సరిపోయే సొరుగులు మాత్రం నాకు ఇక్కడి కొట్లలో కనిపించలేదు. చేయించుకోవడమే దారి అయింది.

మొదటి రోజున మేస్త్రి గారు టేపు పట్టుకుని కొలతలన్నీ చాలా శ్రద్ధగా తీసుకున్నారు. చక్రాల గూళ్ళ మధ్య వెడల్పు మూడున్నర అడుగులు దాటి ఉండడంతో, 19 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల పొడవు, 11 అంగుళాల ఎత్తు గల రెండు సొరుగులు పక్కపక్కన పెట్టి, గూళ్ళకు ముందూ వెనుకా మిగిలే ఖాళీలకు మూతలున్న చిన్న పెట్టెలు కడదామని ఆయనే సూచించారు. ఆ ఆలోచన బాగుంది. అయితే ఆయన కొలతలు అడిగారు గానీ లోపల ఎంత బరువు పెడతామో, బండి ఎటువంటి నేలలో తిరుగుతుందో అడగలేదు. తరువాత వచ్చిన ఇబ్బందులన్నిటికీ మూలం అదే. ఇళ్ళలో అల్మరాలు, వంటగది అరలు చేసి పేరు తెచ్చుకున్న చేతి నుంచి వచ్చిన పని కాబట్టి, తొలి నమూనా కూడా అల్మరా లాగానే తయారైంది.

మొదట ఆయన వంటగది సొరుగులకు వేసే టెలిస్కోపిక్ చానళ్ళు వేస్తామన్నారు. మన హార్డ్‌వేర్ కొట్లలో మామూలుగా దొరికే ఆ చానళ్ళు 24 అంగుళాలకు మించి అరుదుగా ఉంటాయి, జతకు సుమారు 45 కిలోల బరువుకు ఉద్దేశించినవి. నా సొరుగు పొడవు అందుకు రెట్టింపు కంటే ఎక్కువ, అందులో పెట్టే సామాను 60 కిలోల వరకు తూగుతుంది. అదీ కదలకుండా ఉండే బరువు కాదు, గతుకుల గట్టు మీద ఎగిరెగిరిపడే బరువు. నేను అభ్యంతరం చెప్పిన తరువాత, యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుప) పట్టాల మీద బేరింగులతో దొర్లే పద్ధతికి ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక మాత్రం మనస్ఫూర్తిగా చేశారు. పట్టాల సమాంతరం ఎక్కడా వెంట్రుకవాసి తప్పలేదు.

అయినా తొలి పరీక్షలో ఒక తప్పు బయటపడింది. సొరుగు కింద బేరింగులు వేశారు, పైన వేయలేదు. ఖాళీగా ఉన్నంతసేపు సొరుగు హాయిగా జారింది. నేను బండిలోనే తీసుకువెళ్ళిన డబ్బాలను పేర్చి మూడింట రెండు వంతులు బయటకు లాగగానే దాని ముక్కు కిందికి వాలి, తోక పైకి లేచింది. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. 54 అంగుళాల సొరుగును 36 అంగుళాలు లాగితే, సమంగా పేర్చిన బరువు కేంద్రం పట్టా అంచుకు 9 అంగుళాలు బయట పడుతుంది, లోపల మిగిలేది 18 అంగుళాలు. అప్పుడు 60 కిలోల సొరుగు తోక భాగం 30 కిలోల బలంతో పైకి తంతుంది, ముందు బేరింగుల మీద 90 కిలోల భారం పడుతుంది. తోకను అణిచి పట్టే పై బేరింగు లేకపోతే ఏ పట్టా అయినా చేయగలిగింది లేదు. కాగితం మీద ఈ లెక్క చూపించినప్పుడు మేస్త్రి గారు నొచ్చుకోలేదు, వాదించలేదు. "ముందే సామాను తెచ్చి చూపించి ఉంటే బాగుండేదండీ" అని మాత్రం అన్నారు. నిజమే, ఆ పొరపాటులో నా వాటా కూడా ఉంది. మరునాటికి పై బేరింగులు, సొరుగు పూర్తిగా ఊడిరాకుండా ఆపే రబ్బరు అడ్డాలు బిగించారు.

ప్లైవుడ్ విషయంలో షాపు నిజాయితీని మెచ్చుకోవాలి. నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు వర్తించే ఐఎస్ 710 ముద్ర ఉన్న షీట్లనే తెచ్చి, కోయడానికి ముందు ఆ ముద్రను నాకు చూపించారు. తేమను కొంతవరకే తట్టుకునే ఐఎస్ 303 రకాన్ని వేసి మెరైన్ ధర తీసుకునేవారు ఉంటారు కనుక, చేయించుకునేవారు ముద్రను కళ్ళారా చూసుకోవడం అవసరం. ఆయన మొత్తం పెట్టెకు 18 మిల్లీమీటర్ల మందం ప్రతిపాదించారు. ఎనిమిదికి నాలుగు అడుగుల షీటు ఆ మందంలో 35 కిలోలకు పైనే తూగుతుంది కాబట్టి, నేను పై బల్లకు మాత్రమే దానిని ఉంచి, మిగిలినదంతా 12 మిల్లీమీటర్లకు తగ్గించమన్నాను. పూర్తయ్యాక కాటా మీద పెడితే ఖాళీ పెట్టె 92 కిలోలు తూగింది. ఇంకా తగ్గించవచ్చునేమో గానీ, పై బల్ల మీద ఇద్దరు ఎక్కి నిలబడినా వంగడం లేదు.

అసలు దెబ్బ రెండో నెలలో తగిలింది. కుడి సొరుగు బరువెక్కినట్లు కదలడం మొదలై, వారం తిరిగేసరికి పూర్తిగా బిగుసుకుపోయింది. విప్పి చూస్తే బేరింగులలో ఎర్రటి తుప్పు కనిపించింది. వేసినవి 6201 జెడ్‌జెడ్ రకం. ఆ కొలత బేరింగు బరువును సునాయాసంగా మోస్తుంది గానీ, దాని రెండు వైపులా ఉండేవి లోహపు రేకులు. అవి దుమ్మును అడ్డుకుంటాయి, నీటిని అడ్డుకోవు. తడిసిన వల నుంచి కారే ఉప్పునీరు తిన్నగా లోపలికి దిగింది. రబ్బరు సీలు గల 2ఆర్‌ఎస్ రకం వేసి ఉంటే ఇంత త్వరగా ఈ గతి పట్టేది కాదు. రెండింటి ధరలో తేడా కూడా చెప్పుకోదగినంత లేదు. ఫోన్ చేస్తే, రమ్మని చెప్పి, మొత్తం 16 బేరింగులను మార్చి, సరుకు ధర మాత్రమే తీసుకుని కూలి వదిలేశారు. అయితే ఒక పనిదినం, రానుపోను రెండు వందల కిలోమీటర్ల డీజిలు నా ఖాతాలోనే పడ్డాయి. వలకు అడుగున రంధ్రాలున్న ప్లాస్టిక్ తొట్టి విడిగా పెట్టి, దాని నీరు బండి తొట్టి రంధ్రాల వైపు పోయేలా అప్పుడే ఏర్పాటు చేయించుకున్నాను.

వెల్డింగు చోట్ల కూడా ఇటువంటి అజాగ్రత్తే కనిపించింది. పెట్టెకు వాడిన జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపుకు వెల్డింగు చేసిన చోట ఆ పూత కాలిపోతుంది. అక్కడ జింకు పెయింటు వేయకుండా మామూలు నల్లరంగు పూశారు. నేను పట్టుబట్టి గీకించి మళ్ళీ వేయించాను. తొట్టికి పెట్టెను బిగించిన తీరు మాత్రం మెచ్చదగినది. కింద వేలాడే స్టెప్నీకి, బ్రేకు పైపులకు, డీజిలు ట్యాంకుకు దూరంగా చోటు చూసుకుని, రేకు చిరగకుండా కింద మందపాటి ప్లేట్లు పెట్టి, ఎనిమిది బోల్టులతో బిగించారు. సామానుతో కలిపి రెండు వందల కిలోల పైబడిన పెట్టె గట్టిగా బ్రేకు వేసినప్పుడు క్యాబిన్ మీదకు రాకుండా ఆపేవి ఆ బోల్టులే. అల్మరాకు వేసినట్లు నాలుగు స్క్రూలతో సరిపెట్టే షాపును చూస్తే వెనుదిరగడం మేలు.

ఎస్‌యూవీలలో వెనుక సీట్లు తీయించి సొరుగులు పెట్టించుకోవాలనుకునేవారికి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను, ఆర్‌సీలో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. సీట్ల సంఖ్య ఆ వివరాలలో ఒకటి. నాది తొట్టి బండి కావడం, పెట్టెను బోల్టులు విప్పి దించగలగడం వల్ల సీట్ల సమస్య రాలేదు.

మొత్తం ఖర్చు 46,500 రూపాయలు అయింది. బేరింగుల మార్పు అందులో లేదు. నాలుగు రోజులన్న పని తొమ్మిది రోజులు పట్టింది, అందులో రెండు రోజులు నా మార్పుల వల్లనే. ఇప్పుడు గట్టు మీద బండి ఆపిన నిమిషంలో మీటరు చేతికి వస్తోంది, గాజు సీసాలు పగలడం ఆగిపోయింది, గతుకులలో గడగడ శబ్దం కూడా చాలావరకు తగ్గింది. చెక్కపనికి ఐదింట నాలుగున్నర, ఇనుప పనికి మూడు, తరువాత బాధ్యత తీసుకున్నందుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఉప్పునీటి జోలికి వెళ్ళని ఎలక్ట్రీషియనో, ఫొటోగ్రాఫరో అయితే నా కంటే ఎక్కువే ఇస్తారేమో. ఎడమ సొరుగు పూర్తిగా లాగినప్పుడు ఇంకా అర అంగుళం పక్కకు ఊగుతోంది. వచ్చే నెల విజయవాడ వెళ్ళినప్పుడు పక్క బేరింగు వేస్తానని, దానికి డబ్బు వద్దని మేస్త్రి గారు ముందే చెప్పారు. ఈసారి రబ్బరు సీలున్నదే తెప్పించి ఉంచుతానని కూడా ఆయనే అన్నారు.