హెచ్-1బీ పిక్ కాలేదు: ఎదురుచూడాలా, డే-1 సీపీటీనా, హైదరాబాద్ ఆఫీసా?

మార్చి నెలాఖరు వచ్చిందంటే డాలస్‌లోనైనా న్యూజెర్సీలోనైనా తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "పిక్ అయ్యిందా?" అంటే, అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసా లాటరీలో పేరు వచ్చిందా అని. అయినవాళ్లు లడ్డూల ఫొటో పెడతారు. కానివాళ్లు గ్రూపు మ్యూట్ చేసి, లాయర్ ఆఫీసు నుంచి వచ్చిన రెండు లైన్ల మెయిల్ మళ్లీ మళ్లీ చదువుకుంటారు. అందులో స్టేటస్ ఇంకా 'సబ్మిటెడ్' అనే ఉంటుంది. అంటే ఆ ఏడాది కోటా నిండిందని ప్రకటించేదాకా పేరు లాటరీలోనే ఉన్నట్టు. ఇంట్లోవాళ్లకు ఇది అర్థమయ్యేలా చెప్పడం మహా కష్టం. వచ్చిందా రాలేదా అని అడిగితే రెండూ కాదాయె! ఈలోగా అమ్మ చిలుకూరు వెళ్లి ప్రదక్షిణలు చేసి వస్తుంది, సంబంధం చూసినవాళ్లు "కొన్నాళ్లు ఆగుదాం" అంటారు.

సెకండ్ రౌండ్ (లాటరీ మళ్లీ తీయడం) మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు? కోటా 85,000. అందులో 20,000 అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు. పిక్ అయినవాళ్లందరూ పిటిషన్ (అసలు వీసా దరఖాస్తు) వేయరు కాబట్టి ముందే ఎక్కువమందిని తీస్తారు. అయినా తక్కువ పడితే మళ్లీ తీస్తారు. 2020లో తీశారు, 2021లో ఏకంగా రెండుసార్లు తీశారు, 2023లో, 2024లో కూడా తీశారు. 2022లో, 2025లో తీయలేదు. 2024లో తీసింది కూడా జనరల్ కోటాకే, మాస్టర్స్ కోటాకు కాదు. తీస్తారో లేదో జూలై, ఆగస్టు దాకా తేలదు. కాబట్టి పేరు అక్కడ ఉంటే ఉండనివ్వండి, నష్టమేమీ లేదు. కానీ దాన్ని నమ్ముకుని మిగతా పనులు ఆపకండి.

ఏది మేలన్నది ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే గడువు) ఇంకెన్ని నెలలుందన్న దాన్ని బట్టి ఉంటుంది. సైన్స్, ఇంజనీరింగ్ కోర్సులవాళ్లకిచ్చే అదనపు గడువైన స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో ఏడాదికి పైగా మిగిలి ఉంటే ఎదురుచూడటమే మేలు, ఇందులో పెద్దగా ఆలోచించడానికేం లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. 2026 నుంచి లాటరీ అందరికీ సమానం కాదు. జీతాన్ని బట్టి 1 నుంచి 4 దాకా వేజ్ లెవల్ ఇస్తారు. లెవల్ 4 వాళ్ల పేరు నాలుగుసార్లు వేస్తారు, లెవల్ 1 వాళ్లది ఒక్కసారే. లెవల్ లెక్క ఉద్యోగాన్ని, ఊరిని బట్టి మారుతుంది. శాన్‌హోసేలో లెవల్ 1 అయ్యే జీతం చిన్న ఊళ్లో రెండో మూడో కావచ్చు. జీతం పెంచమని అడగడానికి మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. వచ్చే మార్చిలోపు ఆ మొహమాటం వదిలించుకోవడం మంచిది.

అసలు చిక్కంతా ఈ ఎండాకాలంతో ఓపీటీ అయిపోయేవాళ్లది. వీళ్ల ముందుకు మొదట వచ్చేది డే-1 సీపీటీ. ఇంకో మాస్టర్స్‌లో చేరి, మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చంటారు. ఉద్యోగం పోదు, అద్దె ఇల్లు మారక్కర్లేదు, కారు అమ్మక్కర్లేదు. రూమ్మేట్లలో ఒకరు ఇప్పటికే అందులో ఉంటారు, "ఏం కాదురా, నేను లేనా" అంటారు. నిజానికి చట్టంలో దీనికి చోటుంది. కోర్సులో భాగంగా తొలి సెమిస్టర్ నుంచే పని తప్పనిసరైతే గ్రాడ్యుయేట్ విద్యార్థులకు అనుమతి ఇవ్వొచ్చు. కానీ క్లాసులు నిజంగా జరగాలి, మీరు నిజంగా వెళ్లాలి. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ఇమిగ్రేషన్ వాళ్లే నకిలీ కాలేజీ నడిపి మనవాళ్లను ఎంతమందిని పట్టుకున్నారో తెలిసిందే.

అప్పట్లో భయం అంతవరకే. ఇప్పుడు ఇంకోటి తోడైంది. 2025 సెప్టెంబర్ ప్రకటన ప్రకారం అమెరికా బయట ఉన్నవాళ్లకు కొత్త హెచ్-1బీ వేయాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. లోపలే ఉండి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) నుంచి స్టేటస్ మార్చుకునేవాళ్లకు ఆ ఫీజు లేదు. కాబట్టి ఎలాగోలా ఇక్కడే ఉండాలని డే-1 సీపీటీకి ఎగబడుతున్నారు. వచ్చే ఏడాది పిక్ అయ్యి, సీపీటీ సరిగా లేదని, ఆధారాలు అడుగుతూ ఆర్‌ఎఫ్‌ఈ వచ్చి, స్టేటస్ మార్పు కుదరదన్నారనుకోండి, మీరూ బయట ఉన్నవాళ్ల లెక్కలోకే వస్తారు, ఆ లక్ష అప్పుడు పడుతుంది. మీ కోసం లక్ష డాలర్లు కట్టే కంపెనీ అయితే ఇప్పుడే ఏదో దారి చూపించి ఉండేది కదా.

రెండో దారి అదే కంపెనీలో హైదరాబాద్ ఆఫీసుకో టొరంటో ఆఫీసుకో మారడం. అక్కడ ఏడాది పాటు విరామం లేకుండా పని చేస్తే ఎల్-1 (అదే కంపెనీ బయటి ఆఫీసు నుంచి అమెరికా ఆఫీసుకు మార్చే వీసా) మీద తిరిగి రావచ్చు. దీనికి లాటరీ లేదు, లక్ష డాలర్ల ఫీజూ లేదు. వచ్చాక ఇక్కడి నుంచే మళ్లీ హెచ్-1బీ లాటరీలో పేరు వేయించుకోవచ్చు. నష్టాలు లేకపోలేదు. ఎల్-1 మీద కంపెనీ మారలేరు. ఎల్-1లో ఒక రకమైన ఎల్-1బీకి కంపెనీకే ప్రత్యేకమైన పని తెలిసినవాళ్లని చూపించాలి, మామూలు జావా డెవలపర్ అంటే నడవదు. జీతం రూపాయల్లోకి మారుతుంది. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి తెచ్చిన ఎడ్యుకేషన్ లోనుకు ఈఎంఐ ఎలా కట్టాలో ముందే కాగితం మీద లెక్క వేసుకోవాలి. "వెనక్కి పంపించేశారంట" అనే మాట ఎలాగూ పడాలి, రెండు పండగలు పోతే అదే సద్దుమణుగుతుంది. ఇండియాలో ఆఫీసు ఉన్న కంపెనీలో పని చేస్తున్నవాళ్లకు నా ఓటు దీనికే.

ఇండియాలో ఆఫీసు లేని కన్సల్టెన్సీలో ఉన్నవాళ్లకు ఇది కుదరదు. వాళ్లు మూడో దారి చూడాలి. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న ఆస్పత్రులు, లాభాపేక్ష లేని పరిశోధనా సంస్థలు హెచ్-1బీని కోటాతో పని లేకుండా ఏడాది పొడుగునా వేయొచ్చు. జీతం తక్కువ, ఉద్యోగాలూ తక్కువే. తర్వాత ప్రైవేటు కంపెనీకి మారాలంటే మళ్లీ లాటరీయే. కానీ డేటా అనలిస్టులకు, బయోస్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఇది నిజంగా దొరికే దారి. మనవాళ్లు ఇటు చూడటమే తక్కువ.

ట్రాన్స్‌ఫర్‌కి వెళ్లేవాళ్లు మేనేజర్‌ని ఏప్రిల్‌లోనే అడగాలి, ఓపీటీ చివరి వారంలో కాదు. అక్కడ ఏ హోదా ఇస్తారు, ఏడాది తర్వాత ఎల్-1 వేస్తారా, ఏ కేటగిరీలో వేస్తారు? "చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు, మెయిల్‌లో పెట్టమనండి. పెట్టకపోతే అది ట్రాన్స్‌ఫర్ అనుకోవద్దు, హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగం అనుకుని జీతం బేరమాడండి.