చుట్టమల్లేనా, గోదారి గట్టా?

కడప ఏడు రోడ్ల కూడలిలో ఆటో ఎక్కితే ఈ రెండు పాటల్లో ఏదో ఒకటి చెవిన పడాల్సిందే.

2024లో ‘దేవర’ కోసం అనిరుధ్ కట్టిన బాణీ చుట్టమల్లే. సాహిత్యం రామజోగయ్య శాస్త్రిది. శిల్పారావు గొంతులో మత్తు ఉంది, నిజమే. పాట మధ్య విరామంలో జనం అందుకునే ‘ఆ’ కోసమే వినేవాళ్లూ ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు వేదికపై బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ సైతం ఆమెతో గొంతు కలిపాడు, అదీ తెలుగులోనే! అయితే ఆటో స్పీకరు దద్దరిల్లుతుంటే మాటలు సగం మునిగిపోతాయి. ఇయర్‌ఫోన్లలో వినాల్సిన పాట ఇది.

నా ఓటు మాత్రం ‘సంక్రాంతికి వస్తున్నాం’లోని గోదారి గట్టుకే. భీమ్స్ బాణీ, భాస్కరభట్ల సాహిత్యం. చాలా ఏళ్ల తర్వాత వినిపించిన రమణ గోగుల గొంతులోని ఆ గరుకుదనం, పక్కన మధుప్రియ గడుసుదనం భలే కుదిరాయి. ఎంత పాత స్పీకరులోనైనా మాట మాటా తెలుస్తుంది. పెన్నా నీళ్లు తాగేవాళ్లకు గోదారి పాటెందుకని దెప్పేవాళ్లే పెళ్లి ఊరేగింపులో ముందుగా చిందేస్తారు. కాకపోతే సంక్రాంతి వెళ్లి ఉగాది వచ్చినా బ్యాండు వాళ్లు దాన్ని వదల్లేదు. అది కొంచెం విసుగే.