బోరా మిలుటినోవిచ్ శిక్షణ: ఐదు దేశాలు అందుకున్న సేవపై సమీక్ష

సెర్బియాలో పుట్టి, పార్టిజాన్ క్లబ్‌కూ ఆపై ఫ్రాన్స్, మెక్సికో క్లబ్బులకూ ఆడి, మెక్సికోకు చెందిన పూమాస్ క్లబ్‌తో శిక్షకుడిగా మారిన బోరా మిలుటినోవిచ్ సేవలను వరుసగా ఐదు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుల్లో ఐదు దేశాలు వినియోగించుకున్నాయి. 1986లో మెక్సికోను క్వార్టర్ ఫైనల్‌కు చేర్చడం కంటే, 1990లో టోర్నీకి కొద్ది నెలల ముందు మాత్రమే బాధ్యత చేపట్టి, తొలిసారి అర్హత పొందిన కోస్టారికా చేత స్కాట్లండ్‌నూ స్వీడన్‌నూ ఓడింపజేసి నాకౌట్ దశకు తీసుకెళ్లడమే నా దృష్టిలో ఆయన పనితనానికి అసలైన గీటురాయి. తక్కువ వ్యవధిలో ఫలితం కోరే ఫుట్‌బాల్ సంఘానికి ఇంతకన్నా నమ్మదగిన శిక్షకుడు అరుదు. 1994లో అమెరికా, 1998లో స్పెయిన్‌ను 3-2తో ఓడించిన నైజీరియా కూడా ఆ దశకు చేరాయి; అయితే డెన్మార్క్ చేతిలో నైజీరియా 1-4తో కుప్పకూలిన తీరు అంత ప్రతిభ గల జట్టుకు తగినది కాదు. 2002లో చైనా ఒక్క గోలైనా చేయలేక మూడు మ్యాచ్‌లూ ఓడినప్పటికీ, ఆ దేశాన్ని తొలిసారి ప్రపంచ కప్పుకు చేర్చిన ఘనత ఆయనదే.