కొలిమి పని నేర్చుకునేవాళ్ళు జాగ్రత్త: నల్లరంగు పూసిన కమాన్ పట్టాల కట్ట కొనకండి

ఇంటి వెనక చిన్న కొలిమి పెట్టుకుని పాత ఇనుముతో కత్తో కొడవలో చేసుకుందామనుకునే అన్నలకూ తమ్ముళ్ళకూ ఈ మాట. మన అనంతపురం వైపు ఫోన్లలో తిరుగుతున్న ఒక బేరం నమ్మి డబ్బు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అటుంచండి, ఒక రాత్రంతా చలిజ్వరంతో వణికిపోయాను. ఆ రెండోదాని కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

బేరం ఇదీ: "లారీ కమాన్ పట్టాలు, గట్టి ఉక్కు, కత్తులకు పనికొచ్చే సరుకు, శుభ్రం చేసి రంగు వేసి ఇస్తాం." కమాన్ పట్టాలంటే లారీ కింద బరువు మోస్తూ వంగి లేచే ఉక్కు పట్టీలు. కిలో 110 రూపాయలు. 26 కిలోల కట్ట, మొత్తం తొమ్మిది ముక్కలు. 2,860 రూపాయలు ముందే పంపించా, ఆటో బాడుగ 150 పైన. కొనకముందు వీడియో పంపమంటే పంపాడు. అందులో ప్రతి ముక్కకూ అయస్కాంతం అంటించి "చూడన్నా, అసలైన ఉక్కు" అన్నాడు. అది చూసి నమ్మేశాను. అయస్కాంతం మెత్త ఇనుముకూ అంటుతుంది, కమానుకూ అంటుతుంది, పోత ఇనుముకూ అంటుతుంది. దాన్ని బట్టి ఉక్కు గట్టిదో కాదో తేలదు. ఎవరైనా అయస్కాంతం చూపించి ఉక్కు అమ్మబోతే అక్కడే ఆగిపోండి.

కట్ట వచ్చిన వారంలోనే మొదటి ముక్క తీసి మా అమ్మ కోసం మచ్చుకత్తి మొదలుపెట్టా. సాయంత్రాలు మూడు పట్టింది సాగగొట్టడానికి. ఆకారం బాగానే వచ్చింది. పాయనం పెట్టే రోజు, అంటే కాల్చి ముంచి గట్టిపరిచే రోజు, ఎర్రగా కాల్చి, అయస్కాంతం పట్టు వదిలేసిన తర్వాత ఇంకాస్త కాగనిచ్చి, గోరువెచ్చని వేరుశెనగ నూనెలో ముంచా. ఇనుము దాదాపు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటడం మానేస్తుంది, కాబట్టి వేడి చాల్లేదనే అనుమానం లేదు. చల్లారాక అంచు మీద ఆకురాయి పెట్టి గీశా. గట్టిపడి ఉంటే ఆకురాయి గాజు మీద జారినట్టు జారాలి. నాకు మాత్రం సబ్బు కోసినట్టు కోసింది. మళ్ళీ కాల్చా, మళ్ళీ ముంచా. నాలుగుసార్లు చేశా. తప్పు నాదేననుకున్నా. నూనె మార్చా, బొగ్గు మార్చా, రెండు నెలలు అదే పని.

చివరికి కళ్యాణదుర్గం వైపు మా ఊళ్ళో కొలిమి నడిపిన ఆచారి మామ దగ్గరికి తీసుకెళ్ళా. మా నాయన కాలంలో ఊరి గుంటకలూ గొర్రు కర్రులూ అన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. ముక్కను చేతిలో తిప్పి చూసి ఒక మూల ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. ఆరాక ఆ మూలను, ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మె అంచుకు ఆనించి సుత్తితో ఒక దెబ్బ వేశాడు. అది మడత పడింది, విరగలేదు.

"ఇది కమాను గాదల్లుడా. కిటికీ గ్రిల్లులకేసే పట్టీ. వంచి రంగు పూసినారు. కమానైతే నీళ్ళలో ముంచినాక పుటుక్కున ఇరగాల."

విరిగిన చోట సన్నటి బూడిదరంగు గరుకు కనిపించాలట. అప్పటికప్పుడు తన దగ్గరున్న అసలు కమాను ముక్కనొకదాన్ని అలాగే విరిచి చూపించాడు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలకైనా తేడా తెలుస్తుంది. నా మచ్చుకత్తి ఎందుకు గట్టిపడలేదో అప్పుడర్థమైంది. గట్టిపడేది ఇనుములోని కార్బన్‌ను బట్టి. లారీ కమాన్లలో అది నూటికి సుమారు అర పాలు నుంచి 0.6 దాకా ఉంటుంది. గ్రిల్లు పట్టీల్లో పావు పాలు కూడా ఉండదు. ఇళ్ళకు వాడే టీఎంటీ కమ్మీ పైకి గట్టిగా ఉన్నా దానిలోనూ 0.3కు మించదు. లేని కార్బన్‌ను నూనె మార్చి తెప్పించలేం కదా.

ఇంటికొచ్చి మిగతా ముక్కలన్నిటికీ రంగు గీకి చూశా. మొదటిదాంతో కలిపి నాలుగు ఆ గ్రిల్లు పట్టీలే. రెండు అసలు కమాన్లే, కానీ పగుళ్ళు పట్టినవి. ఆ పగుళ్ళు కంటికి కనపడవు, రంగు కింద మరీ కనపడవు. ఎలా పట్టుకున్నానో చెప్తా, ఇది మీకూ పనికొస్తుంది. ముక్కను ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దాలి. నడిబోల్టు రంధ్రం చుట్టూ కిరసనాయిలు బాగా పూసి పది నిమిషాలు ఉంచాలి. గుడ్డతో పూర్తిగా తుడిచి, పైన సుద్దపొడి సన్నగా చల్లాలి. కాసేపటికి పగులు ఉన్నచోట లోపల దాగిన కిరసనాయిలు పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నటి తడిగీత పడుతుంది. నా ముక్క మీద రంధ్రం నుంచి అంచు దాకా వెంట్రుక మందాన గీత తేలింది. లారీ కింద ఏళ్ళ తరబడి వంగి లేచిన కమాను అలాంటి చోటే అలిసిపోతుంది. దాంతో కత్తి చేసి పాయనం పెడితే ఆ గీత వెంబడే పగులుతుంది. చేతిలో పని చేస్తుండగా విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో ఎవరికి తెలుసు?

ఇక జ్వరం తెచ్చిన ముక్క. ఆచారి మామ దగ్గరికి వెళ్ళకముందు జరిగిందది. ఒక సాయంత్రం వాన పడుతుంటే రేకుల షెడ్డు తలుపు సగం మూసుకుని, కట్టలోంచి ఇంకో ముక్క కొలిమిలో పెట్టా. నల్లరంగు కాలి పోయింది. తర్వాత మంట అంచున పచ్చగా, తెల్లగా వెలుగు వచ్చింది. పైన దూదిపింజల్లాంటి తెల్లటి నూగు గాల్లో తేలింది. రంగు తాలూకు మసేలే అనుకుని పని సాగించా. నోట్లో తియ్యగా, రాగి నాణెం చప్పరించినట్టు ఒక రుచి. నాలుగైదు గంటల తర్వాత వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా ఆగని చలి, ఒళ్ళునొప్పులు, ఛాతీ బిగింపు. మలేరియా అనుకున్నాం. మర్నాడు డాక్టరు "నిన్న ఏం పని చేశావు" అని అడిగితే కానీ సంగతి బయటపడలేదు.

ఆ ముక్క జీఐ యాంగిల్. తుప్పు పట్టకుండా జింకు పూత వేసినది. జింకు 420 డిగ్రీలకు కరుగుతుంది, సుమారు 907 డిగ్రీలకు ఆవిరైపోతుంది. మనం ఇనుము సాగగొట్టే వేడి 1,000 పైనే. ఆ ఆవిరి గాల్లో తెల్లటి పొగగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చేదే ఈ జ్వరం. వెల్డింగ్ చేసేవాళ్ళకు బాగా తెలిసిన జబ్బు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, నాకూ తగ్గింది. కానీ ఎక్కువ పీల్చితే ఆస్పత్రి పాలు కావాల్సి వస్తుంది. పాలు తాగితే ఏమీ కాదని కొందరు చెప్తుంటారు. పాలు పొట్టలోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దయచేసి ఆ మాట నమ్మకండి. పూత ఉన్న ఇనుము కొలిమిలో పెట్టకూడదు, అంతే. పాత రంగుల్లో సీసం కూడా ఉండొచ్చు, కాబట్టి రంగు పూసిన ఏ ముక్కనైనా ముందు గీకి అసలు లోహం చూడందే నిప్పులో పెట్టొద్దు. ఇంకొకటి, మోటారు సైకిల్ షాకబ్జార్లు మూసి ఉన్నవి ఎప్పుడూ మంటలో వేయకండి. లోపలున్న నూనె, గాలి ఒత్తిడికి బాంబులా పేలతాయి.

అమ్మినాయనకు ఫోన్ చేశా. "పాత ఇనుముకు గ్యారంటీ ఏముంటుందన్నా" అన్నాడు. పాత ఇనుముకు గ్యారంటీ లేదన్న మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ అతను అమ్మింది పాత ఇనుము రేటుకు కాదు, పాత ఇనుమని చెప్పీ కాదు. గ్రిల్లు పట్టీని వంచి కమానని చెప్పడం, జీఐ ముక్కకు రంగు పూసి కట్టలో దూర్చడం పొరపాటున జరిగేవి కావు. రెండోసారి చేస్తే నెంబరు ఎత్తలేదు.

అదే మనిషి నాకు దాగలి కింద రైలు పట్టా ముక్క కూడా ఇస్తానన్నాడు, అడుగు ముక్క మూడు వేలు. పెద్ద రైల్వే జంక్షన్ గుంతకల్లు మనకు దగ్గరే కాబట్టి సులభంగా దొరుకుతుందన్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మా చిన్నాన్న అడ్డం పడి ఆపాడు. మీటరుకు 52 కిలోలు తూగే పట్టా అడుగు ముక్కే దాదాపు 16 కిలోలు ఉంటుంది, దాగలికి బాగానే పనికొస్తుంది. కానీ సరైన కాగితం లేకుండా అది మన ఇంట్లో దొరికితే 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద కేసు. ఎలా వచ్చిందో మనమే రుజువు చేసుకోవాలి, మొదటి తప్పుకే ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. వేలంలో కొన్న రసీదు చూపించనివాడి దగ్గర రైలు ముక్క ముట్టుకోవద్దు.

మరి ఎక్కడ కొనాలంటే, మీరే గుజిరీ అంగడికి వెళ్ళండి. లేకపోతే లారీలకు కమాన్లు మార్చే షెడ్డుకు వెళ్ళండి, అది ఇంకా మేలు. అక్కడ మీ కళ్ళ ముందే బండి నుంచి దించిన పట్టా ఉంటుంది, ఏ బండిదో అడగొచ్చు. రంగు లేని, తుప్పు పట్టినదే తీసుకోండి. చివర చుట్ట తిరిగి ఉన్నదో, నడిమధ్య బోల్టు రంధ్రం ఉన్నదో చూడండి. రంధ్రం దగ్గరి భాగం వాడొద్దు, కోసి పక్కన పెట్టేయండి. నేను తర్వాత అలా తెచ్చుకున్నది కిలో 45 రూపాయలు.

డబ్బిచ్చే ముందు అంగడివాళ్ళ గ్రైండింగ్ మిషనుకు ముక్కను ఆనించి, లేచే నిప్పురవ్వలు ఒక్కసారి చూడండి, కళ్ళద్దాలు పెట్టుకుని. మెత్త ఇనుమైతే రవ్వలు పొడుగాటి గీతల్లా పోయి చివర పెద్దగా చీలవు. కమానైతే గీతలు పొట్టిగా ఉండి చివర్లో కాకరపువ్వొత్తిలా విచ్చుకుంటాయి. పాత ఆకురాయి ముక్కొకటి జేబులో వేసుకెళ్ళి ముందు దాని రవ్వలు చూడండి. దానిలో కార్బన్ ఒక పాలు పైనే, పువ్వులు గుబురుగా వస్తాయి. దానితో పోల్చుకుంటే కన్ను అలవాటవుతుంది. రవ్వలు చూడనివ్వకపోతే ఇంకో అంగడికి పోండి.

మెత్త ఇనుము చెడ్డదని నేననను. కొక్కేలు, మేకులు, పటకార్లు చేయడానికి అదే మంచిది, మొదటి ఆర్నెల్లు దానితోనే చెయ్యి తిప్పుకోవాలని ఇప్పుడు నేనే చెప్తా. దాని పేరుతో దాన్ని అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు. మచ్చుకత్తి కాబోయిన ఆ పట్టీతోనే పెరట్లో బట్టల తాడుకు నాలుగు కొక్కేలు చేశా.

కట్టలో మంచివి రెండే తేలాయి. ఆ జీఐ యాంగిల్‌ను మళ్ళీ గుజిరీకి ఇవ్వడానికి మనసొప్పలేదు, ఎవరో ఒకరు రంగు పూసి ఇంకొకరి కొలిమికి చేర్చుతారేమోనని. చల్లగా ఉండగానే రెండు రంధ్రాలు వేసి పెరట్లో చిక్కుడు పందిరి గుంజకు బోల్టుతో బిగించేశా.