ఉండకట్టే మట్టి లిట్టర్: రెండు పిల్లులున్న ఇంట్లో ఏళ్ళ తరబడి వాడాక

విశాఖలో మాది అపార్ట్‌మెంట్ కాపురం. ఇంట్లో రెండు పిల్లులు. గౌరి ఆడది, తెలుపు మీద నల్లమచ్చలు. బుల్లోడు పసుపు చారల గండుపిల్లి, ఆపరేషన్ చేయించాం. ఇద్దరూ గడప దాటరు, అందుకే మా నెల సరుకుల చీటీలో బియ్యం, కందిపప్పు పక్కనే లిట్టర్, అంటే పిల్లులు ఒంటికీ రెంటికీ వెళ్ళే టబ్బులో పోసేది, కూడా ఉంటుంది. ఇసుక, చెక్క పెల్లెట్లు, సోయా పిప్పితో చేసే టోఫు లిట్టర్, బెంటొనైట్ మట్టి, ఈ నాలుగూ నెలల తరబడి వాడి చూశాం. చివరికి బెంటొనైట్ దగ్గర ఆగాం, ఇక మారే ఆలోచన లేదు. వాసన రాదా, ఖర్చెంత అని అందరూ అడుగుతారు. నాకు వాటికన్నా పెద్ద కారణం ఒకటుంది. పిల్లి ఎన్నిసార్లు ఒంటికి వెళ్ళింది, ఎంత పోసింది అన్నది ఈ మట్టి మనకు చూపిస్తుంది.

బెంటొనైట్ అగ్నిపర్వతాల బూడిద నుంచి ఏర్పడిన బంకమట్టి. మన దేశంలో ఎక్కువగా గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ వైపు తవ్వుతారు. ఇందులో సోడియం రకానికి తడి తగిలితే ఎన్నో రెట్లు ఉబ్బి, పక్కనున్న రేణువులను పట్టుకుని ఉండ కడుతుంది. ఆ ఉండను చిల్లుల స్కూప్‌తో తీసేస్తే మిగిలిన మట్టి పొడిగానే ఉంటుంది. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్ లో అనే ఆయన, పిల్లి కోసం ఇసుక అడిగిన పొరుగావిడకు తడి పీల్చే మట్టి ఇవ్వడంతో ఈ లిట్టర్ వ్యాపారం మొదలైంది. అది పీల్చుకునేదే గానీ ఉండకట్టేది కాదు. ఉండకట్టే రకాన్ని 1984లో థామస్ నెల్సన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. నన్నడిగితే పిల్లులకు అసలు మేలు చేసింది ఈ రెండో ఆయనే.

మిగతా వాటి సంగతి చెప్పేస్తాను. ఇసుక చవకే, కానీ తడంతా టబ్బు అడుక్కి దిగిపోతుంది, రెండో రోజుకే అమోనియా ఘాటు. చెక్క పెల్లెట్లు తడిస్తే పొట్టుగా విడిపోతాయి. వాసన బాగానే ఆపాయి గానీ గట్టిగా గుచ్చుకుంటాయేమో, గౌరి ఒక కాలు పెట్టి వెనక్కి తీసేసేది. టోఫు నాకు నచ్చింది. దుమ్ము లేదు, బరువు లేదు. అయితే మా సముద్రపు గాలికి అది నిలవలేదు. వానాకాలంలో విప్పిన ప్యాకెట్ మెత్తబడిపోయి, చిన్న చిన్న పురుగులు కూడా పట్టాయి. హైదరాబాద్‌లో మా తమ్ముడి ఇంట్లో అదే టోఫు హాయిగా నడుస్తోంది, కాబట్టి అది చెడ్డదని అనను. ధర మాత్రం మాకు మట్టికి రెండు మూడు రెట్లు పడింది.

ఇప్పుడు అసలు విషయం. బుల్లోడి ఉండలు మామూలుగా కోడిగుడ్డంత ఉంటాయి, పొద్దున రెండు, సాయంత్రం ఒకటో రెండో. ఒకరోజు సాయంత్రం స్కూప్ తిప్పితే గోళీకాయంత ఉండలు వరసగా తగిలాయి, ఒకదాని పక్కన ఒకటి. వాడు అన్నం తిన్నాడు, కిటికీ దగ్గర కూర్చున్నాడు, చూడ్డానికి ఏ తేడా లేదు. కాసేపటికి మళ్ళీ టబ్బులోకి వెళ్ళి, నడుం వంచి చాలాసేపు కూర్చుని, ఏమీ పోయకుండానే బయటికొచ్చి కింద నాక్కోవడం మొదలుపెట్టాడు. అప్పటికే పిల్లిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే బుట్ట తీశాను. మగపిల్లులకు మూత్రనాళం బాగా సన్నం. సన్నని స్ఫటికాలో జిగురు ముద్దో అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. అలా ఆగితే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ గారు పొట్ట తడిమి, మూత్రాశయం రాయిలా గట్టిగా ఉందన్నారు. మత్తిచ్చి గొట్టం వేసి తీశారు, సెలైన్ ఎక్కించారు. వాడు కోలుకుని ఇంటికొచ్చిన నాటి నుంచీ పొడి గింజలు తగ్గించి, ఉడికించిన చికెన్‌లో ఆ నీళ్ళే పోసి, ప్యాకెట్ తడి తిండి కలిపి పెడుతున్నాం. పిల్లుల పూర్వీకులు ఎడారి జంతువులు, దాహం వేసినా పెద్దగా నీళ్ళు తాగవు. తిండితోనే నీరు లోపలికి పంపాలి.

ఇసుక ఉన్న రోజుల్లో అయితే ఆ సాయంత్రం నాకేమీ తెలిసేది కాదు. తడి ఇసుకలో ఎవరు ఎంత పోశారో ఎవరు చెప్పగలరు? అందుకే ఏ కొత్త పిల్లి ఇంటికొచ్చినా, ముఖ్యంగా మగపిల్లి అయితే, ఉండకట్టేదే తీసుకోమని బంధువులందరికీ చెప్తుంటాను. ఉండలు చిన్నవవడమే కాదు, వారాల తరబడి పెద్దవవుతున్నా పట్టించుకోవాలి. వయసు మీరిన పిల్లుల్లో కిడ్నీ జబ్బు, షుగర్ ముందు అలాగే బయటపడతాయి. గౌరికి వయసు పైబడుతోంది కాబట్టి దాని ఉండలు నేను కాస్త ఎక్కువ చూస్తాను. ఇద్దరివీ కలిసిపోవా అని అడుగుతారు. కలవవు. గౌరి ముందుకాలితో మట్టి తడిమి, గొయ్యి తీసి, ఒక చుట్టు తిరిగి పోసి, శుభ్రంగా పూడుస్తుంది. బుల్లోడు మట్టిని వదిలేసి టబ్బు గోడను గీకుతాడు, వాడి ఉండ ఎప్పుడూ పైనే ఉంటుంది. స్కూప్ చప్పుడు వింటే చాలు, వాడు పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుంటాడు. నేను చదును చేయడం పూర్తికాకముందే కొత్త మట్టిలోకి దిగిపోతాడు. ఎన్నేళ్ళైనా ఆ ఉత్సాహం తగ్గలేదు, నాకూ ఆ పని విసుగనిపించలేదు.

లోపాలు ఉన్నాయి. దుమ్ము మొదటిది. సంచిని ఎత్తి కుమ్మరిస్తే గది నిండా లేస్తుంది, అందుకే కిందికి వంచి మెల్లగా పోయాలి. ఆస్తమా ఉన్నవాళ్ళుంటే టోఫు వైపే వెళ్ళండి. సువాసన కలిపిన రకాలు మనకు బాగుంటాయేమో గానీ పిల్లి ముక్కు మన ముక్కు కాదు. లావెండర్ అని రాసి ఉన్నది తెచ్చినప్పుడు గౌరి డోర్‌మ్యాట్ వెతుక్కుంది. వాసన కలపనిదే కొనండి. పాదాలకు అంటుకుని హాలంతా కొంచెం రాలుతుంది, టబ్బు ముందు చిల్లుల రబ్బరు మ్యాట్ వేస్తే చాలావరకు అక్కడే ఆగుతుంది. ఇది నీళ్ళలో ఉబ్బే మట్టి అని మర్చిపోకూడదు, టాయిలెట్‌లో వేస్తే పైపు పూడుకుపోతుంది. కవర్లో కట్టి చెత్త బండికే ఇవ్వాలి.

పెంపుడు జంతువుల షాపుల్లో అమ్మే చిన్న ట్రేలు మాకు పనికిరాలేదు. బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బులు మూడు పెట్టాం. ఎన్ని పిల్లులుంటే వాటికి ఒకటి ఎక్కువ ఉండాలన్నది పశువైద్యులు చెప్పే లెక్క. మట్టి రెండు మూడు అంగుళాల మందం ఉంటేనే ఉండ అడుక్కి అతుక్కోదు. టబ్బు కడిగేటప్పుడు ఫినాయిల్ వాడొద్దని పనిమనిషికి గట్టిగా చెప్పి ఉంచాను. ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం మనలా విరగ్గొట్టుకోలేదు. పారాసెట్మాల్ పిల్లికి విషమవడానికీ మూలం అదే. సబ్బునీళ్ళు, ఎండ చాలు. బ్లీచింగ్ కూడా వద్దు, మూత్రంలోని అమోనియాతో కలిస్తే ఆ పొగ మనుషులకూ ప్రమాదమే.

మా చెల్లెలు పురిటికి వచ్చినప్పుడు పెద్దమ్మ పట్టుబట్టింది. "పిల్లి మలం కడుపులో బిడ్డకు మంచిది కాదంటమ్మా, ఎక్కడైనా వదిలేసి రండే," అని. ఆవిడ భయంలో నిజముంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో ఉండొచ్చు, గర్భిణికి మొదటిసారి సోకితే బిడ్డకు హాని. కానీ అది మలంలో బయటికొచ్చిన వెంటనే అంటుకోదు, ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ తీసేస్తే ఆ అవకాశం చాలా తగ్గిపోతుంది. పైగా బయట వేటాడని, పచ్చి మాంసం తినని పిల్లికి అది సోకడమే అరుదు. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, తోటమట్టి కూడా దానికి దారులే. చెల్లెలి డాక్టరమ్మ కూడా టబ్బు పని వేరేవాళ్ళు చేస్తే చాలన్నారు. ఆ నెలలన్నీ పొద్దునా సాయంత్రం నేనే తీశాను, చెల్లెలు టబ్బు దగ్గరికి రాలేదు, గౌరి మాత్రం రోజూ చెల్లెలి కాళ్ళ దగ్గరే పడుకుంది. ఇప్పుడు మేనకోడలు "గౌయీ" అని పిలుస్తుంది. కడుపుతో ఉన్నామని పిల్లిని వీధిలో వదిలేసే ఇళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. రోజూ కాసేపు పనికి భయపడి ప్రాణమున్న జీవిని రోడ్డున పడేయకండి.

ఒక్కరు మాత్రం దీన్ని కొనొద్దు. మూడు నాలుగు నెలల లోపు పిల్లి పిల్లలున్నవాళ్ళు. అవి కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటాయి, ఈ మట్టి పేగుల్లో ఉబ్బుతుంది. అంతవరకు చెక్క పెల్లెట్లో, చింపిన కాగితమో వాడుకుని, తర్వాత పాతదానిలో కొత్త మట్టి కొంచెం కొంచెం కలుపుతూ మార్చండి. మా రెండు పిల్లులకు నెలకు దాదాపు పది కిలోలు పడుతుంది. పెద్ద సంచి తీసుకుంటే కిలో చవకగా వస్తుంది, మూతున్న డబ్బాలో పోసి పెడితే మా తీరంలో కూడా చెమ్మ ఎక్కడం లేదు.