కారిబూ మందకు ఏ మేత ముఖ్యం: మంచు కింది లైకెనా, వేసవి చిగుళ్లా?

ముందరి గిట్టలతో మంచులో గుంటలు తవ్వుకుని, అడుగున నాచులా పరుచుకుని ఉన్న లైకెన్‌ను మేసే ఉత్తర ధ్రువ ప్రాంతపు జింక కారిబూను చూస్తే దీని బతుకంతా చలికాలం చేతిలోనే ఉందనిపిస్తుంది. ఆ పేరు కూడా కెనడాలోని మిక్మాక్ భాష నుంచే వచ్చింది, 'మంచు తవ్వేది' అని. కానీ మందలో ఎన్ని దూడలు పుడతాయన్నది తేల్చేది వేసవి మేతే అని నేనంటాను.

లైకెన్‌లో పిండిపదార్థం దండిగా ఉంటుంది, మాంసకృత్తులు మాత్రం నామమాత్రం. ఒంట్లో వేడి నిలుస్తుంది గానీ కండ పట్టదు. అందుకే చలికాలమంతా చూడి కారిబూ తన కొవ్వునీ కండనీ కరిగించుకుంటూ కడుపులో పిండాన్ని పెంచుతుంది. ఆ నిల్వ అంతా అంతకుముందు వేసవిలో విల్లో పొదల చిగుళ్లు, పత్తిగడ్డి మొగ్గలు తిని కూడబెట్టుకున్నదే.

చిక్కేమిటంటే, ఆ పచ్చిమేత కొద్ది వారాలే. సరిగ్గా అప్పుడే దూడకు పాలివ్వాలి. మధ్యలో దోమలు, జోరీగలు తల దించి మేయనివ్వవు. గాలి తగిలే గట్ల మీదికో, మంచు మిగిలిన చోటికో పరిగెత్తాల్సిందే. లేత ఆకు త్వరగా అరుగుతుంది, కడుపు ఖాళీ అయితే ఇంకాస్త మేస్తుంది. కాబట్టి మేత నాణ్యతలో తేడా కొంచెమే అయినా బరువులో చాలా కనిపిస్తుంది. అక్టోబరులో ఎదకొచ్చే నాటికి ఒళ్లు చేయకపోతే చూడి కట్టదు. ఆ ఏడు వట్టిపోయి, మరుసటి ఏడు ఈనుతుంది. గేదెల్ని మేపినవాళ్లకు ఇదేం కొత్త కాదు.

కెనడాలోని జార్జ్ రివర్ మంద 1990ల మొదట్లో దాదాపు 8 లక్షలు. 2018 నాటికి 10 వేల లోపే. వేటలాంటి కారణాలూ ఉన్నాయనుకోండి. అయితే మంద బాగా పెరిగిన రోజుల్లోనే వేసవి మేత తొక్కిడికి పాడై, ఆడవి చిక్కిపోయాయని పరిశోధకులు చూశారు.

చలికాలాన్ని తక్కువ చేయలేం. అలాస్కా పక్కన సెయింట్ మాథ్యూ దీవిలో 1944లో 29 రెయిన్‌డీర్లను వదిలారు. అదీ కారిబూ జాతే. తోడేళ్లు లేవు, 1963కు 6 వేలయ్యాయి. లైకెన్ అంతా నాకేశాక గడ్డు చలికాలం వచ్చిపడింది. 1966లో మిగిలినవి 42, వాటిలో మగది ఒక్కటే. అలా ఒక్క దెబ్బతో ఊడ్చేసే శక్తి చలికాలానికే ఉంది, వేసవికి లేదు. మంచు మీద వాన పడి గడ్డకట్టినా లైకెన్ ఉండీ అందదు.

కానీ అలాంటి ఏడాది ఎప్పుడో గానీ రాదు. వేసవి లెక్క మాత్రం ఏటా తేలుతుంది. మే ఆఖర్లో ఈనే చోటికి చేరిన ఆడవాటి తలలు చూడండి. కొమ్ములు ఇంకా ఉన్నవి చాలావరకు చూడివి, ఈనిన కొద్ది రోజులకే రాలుస్తాయి. ముందే బోసిపోయినవాటి వెంట ఆ జూన్‌లో చాలావరకు దూడ ఉండదు.