ఎనిమిదేళ్ల కంకర మడి: మురుగు పోయింది, ఎరువు పోలేదు

మా ఇంటి మోరీ నీళ్లు 2017 దాకా వీధి వెంట పోయి ఊర చెరువులో కలిసేవి. అటు వాలున్న ఇళ్లన్నిటివీ అంతే. చెరువు నిండా గుర్రపుడెక్క. అది అంత బలంగా పెరగడానికి కారణం మన మురుగులోని నత్రజని, భాస్వరం అని తెలిశాక నాకు మనసొప్పలేదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ వాళ్లు కంకరలో జమ్ము, మెట్టతామర పెంచి మురుగునీళ్లు శుద్ధి చేసే మడులు చూసొచ్చి, పెరట్లో ఒకటి కట్టించాను. పుస్తకాల్లో దీన్ని కృత్రిమ చిత్తడి నేల అంటారు. మా ఇంట్లో కంకర మడి అంటాం.

మేం ఏడుగురం. మనిషికి రెండు చదరపు మీటర్ల లెక్కన ఏడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండడుగుల లోతు గుంత తీయించాం. అడుగున నీళ్లు ఇంకకుండా మందపాటి షీటు, పైన మూడు ట్రాక్టర్ల కంకర. నీళ్లు వచ్చే చోటా పోయే చోటా దొడ్డు కంకర, మధ్యలో సన్నది. మురుగు ముందు సెప్టిక్ ట్యాంకులో తేరుకుని, తర్వాత మడిలో ఒక కొస నుంచి ఇంకో కొసకు కంకర లోపలే నడుస్తుంది. దాటడానికి దాదాపు నాలుగు రోజులు. పైకి నీళ్లు కనపడవు, కనపడకూడదు కూడా.

"మోరీ నీళ్ల మీద పూల మొక్కలేందే?" అని అత్తమ్మ మొదట్లో ముఖం చిట్లించింది. ఆర్నెల్లకు చివరి గొట్టం కింద గ్లాసు పెట్టి పట్టి చూపించాను. వాసన లేదు, నీళ్లు తేటగా ఉన్నాయి. ఆ రోజు నుంచి మెట్టతామర ఎండిన ఆకులు తీసే పని ఆమే చూసుకుంటోంది. అయితే ఈ పని చేసేది ప్రధానంగా మొక్కలు కావు. కంకర రాళ్లకు పట్టే జిగురు పొరలోని సూక్ష్మజీవులు మురికిని తింటాయి. వేర్లు వాటికి గూడులాంటివి, కంకరను గట్టిపడనివ్వవు. ఈ విషయంలో మడికి పూర్తి మార్కులు వేస్తాను. కరెంటు లేదు, మందు లేదు, కంకర కడిగిన మూడు రోజులు తప్ప ఎనిమిదేళ్లలో ఎప్పుడూ నిలిచిపోలేదు.

ఇబ్బందులు రెండు వచ్చాయి. మొదటి వానాకాలం ఒక మూల నీళ్లు కంకర పైకొచ్చి దోమలు పట్టాయి. మేస్త్రి మట్టం సరిగ్గా చూడలేదు. చివరి గొట్టానికి తిప్పుకునే ఎల్బో బిగించి, నీటి మట్టం కంకర పైభాగానికి రెండంగుళాలు కిందికి దించాక దోమలు పోయాయి. రెండోది పెద్దది. మూడో ఏడు మొదటి మీటరున్నర కంకర పూడిపోయింది. బోళ్లు తోమిన నీళ్లలోని నూనె జిడ్డు ఆపే తొట్టి మేం పెట్టుకోలేదు. ఆ కంకరంతా పారలతో ఎత్తి, కడిగి, మళ్లీ పోశాం. మూడు రోజుల పని. మీరు కట్టించుకుంటే జిడ్డు తొట్టి లేకుండా మొదలుపెట్టకండి. అది పెట్టాక ఇప్పటిదాకా మళ్లీ పూడలేదు.

ఇక అసలు సంగతి, నేను ఆలస్యంగా తెలుసుకున్నది. తేట నీళ్లు చూసి ఎరువు, అంటే ఆ నత్రజని, భాస్వరం కూడా పోయాయనే అనుకున్నాను. అక్వేరియం చేపల కోసం అమ్మే పరీక్ష కిట్ కొని చూస్తే అమ్మోనియా రంగు ముదురాకుపచ్చ! అంటే మురుగులోని నత్రజని అమ్మోనియా రూపంలో ఇంకా నీళ్లలోనే ఉందన్నమాట. నేనెంత బాధపడ్డానో చెప్పలేను. చెరువు కోసమే కదా ఇదంతా.

కారణం చదివితే అర్థమైంది. అమ్మోనియా నైట్రేటుగా (నత్రజనికి ఇంకో రూపం) మారాలంటే సూక్ష్మజీవులకు గాలి కావాలి. నిండుగా నీళ్లున్న కంకరలో గాలి ఉండదు. నైట్రేటు మళ్లీ వాయువై గాలిలో కలవాలంటే, అప్పుడు గాలి లేని చోటూ, తినడానికి కొంత మురికీ కావాలి. ఒక్క మడిలో రెండూ కుదరవు. మొక్కలు కోసి తీసేస్తే సరిపోతుందా అంటే, అదీ లేదు. మనిషి ఏడాదికి వదిలే నత్రజని రెండు నుంచి నాలుగు కిలోలు. ఏడుగురిది లెక్కేస్తే, పద్నాలుగు చదరపు మీటర్ల మెట్టతామర అందులో చిన్న వాటా మాత్రమే తీసుకోగలదు. అయినా కోస్తాం. కోయకపోతే కుళ్లి ఆ కాస్తా తిరిగి నీళ్లలోకే వస్తుంది.

అయిదో ఏడు రెండో మడి కట్టాం, నాలుగు చదరపు మీటర్లది, దొడ్డు ఇసుకతో. ఇందులో నీళ్లు పైనుంచి కిందికి దిగుతాయి. చిన్న మోటారు టైమరుతో రోజుకు నాలుగు సార్లు తడుపుతుంది, మధ్యలో ఇసుక ఆరి గాలి పీల్చుకుంటుంది. రెండు నెలలకు అమ్మోనియా రంగు పసుపుకు దిగింది, నైట్రేటు పరీక్ష మాత్రం ఎర్రబడింది. అప్పుడు ఆ నీళ్లలో సగం వెనక్కి, గాలి లేని, మురికి ఉన్న సెప్టిక్ ట్యాంకు రెండో గదిలోకి పంపాను. ఆ ఎరుపు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఈ మడికి కరెంటు కావాలి, కరెంటు పోయినప్పుడల్లా నీళ్లు నిలుస్తాయి.

భాస్వరం ఇంకా మొండిది. అది గాలిలో కలిసిపోయేది కాదు. రాళ్లలోని ఇనుము, అల్యూమినియానికి అంటుకుంటుంది, చోటు నిండగానే ఆగిపోతుంది. మామూలు కంకరలో ఆ చోటు తక్కువ. అందుకే చివర్న ఒక తొట్టిలో, ఆ రెండూ ఎక్కువుండే జహీరాబాద్ వైపు ఎర్రరాయి ముక్కలు నింపాను. కొన్నేళ్లకోసారి మార్చక తప్పదు. తీసిన ముక్కలు చెట్ల మొదట్లో వేస్తాను.

మా నీళ్లిప్పుడు చెరువుకు పోవడం లేదు. అరటి, కొబ్బరి, నిమ్మ చెట్లకు పారుతున్నాయి. వాటికి మిగిలిన నత్రజని మేలే చేస్తుంది. చెట్లున్న ఇంటికి మొదటి మడి ఒక్కటే చాలని నా అభిప్రాయం. ఆకుకూరలకు, పచ్చిగా తినే వాటికి మాత్రం ఈ నీళ్లు పెట్టను. రోగకారక క్రిములు తగ్గుతాయే గానీ పూర్తిగా చావవు.

మా మరిది ఇల్లు చెరువు కట్టకు దగ్గర, పెరడు లేదు, బయటికొచ్చే ప్రతి చుక్కా చెరువుకే. అతను ఒక్క మడితో సరిపెడదామన్నాడు. వద్దన్నాను. జిడ్డు తొట్టి, రెండు మడులు, ఎర్రరాయి తొట్టి కలిపి గీసిచ్చాను. దసరా దాటాక గుంత తవ్వుతారు.